ఉందామా, వెళ్లిపోదామా? ఐరోపా సమాఖ్య ఓటు, సోషలిస్టుల వాదాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

2016 జూన్ 23న, ఐరోపా సమాఖ్యలో ఉందామా వెళ్లిపోదామా అని, బ్రిటన్‌లో ఓటు జరిగినప్పుడు నేను తూర్పు లండన్‌లో ఉన్నాను. అప్పటి నుంచీ మనవాళ్లు దాని గురించి అడుగుతూనే ఉన్నారు. ఊళ్లో ఎర్రజెండా పట్టిన పెద్దవాళ్లు అడిగేది ఒకటి, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ మిత్రులు అడిగేది ఇంకొకటి, మాస్టర్స్‌కని అక్కడికి బయల్దేరుతున్న పిల్లలు అడిగేది మరొకటి. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను. ముందే ఒక మాట: కింద "సంఘం" అన్నచోటల్లా కార్మిక సంఘం అనుకోండి, "ఈయూ" అంటే ఐరోపా సమాఖ్య. రెండింటినీ యూనియన్ అనేసరికి ఫోన్లో మాట్లాడేటప్పుడు ఎన్నోసార్లు గందరగోళమైంది.

అసలు ఈయూ ఎలా మొదలైంది?

1957లో రోమ్‌లో ఆరు దేశాలు ఉమ్మడి మార్కెట్ కోసం ఒప్పందం చేసుకున్నాయి: ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్. బ్రిటన్ 1973లో చేరింది. 1992లో మాస్ట్రిక్ట్‌లో సంతకాలైన ఒప్పందంతో ఇప్పటి పేరు వచ్చింది. యూరో కరెన్సీకి దారి పడిందీ అక్కడే. సరుకు, సేవలు, పెట్టుబడి, మనిషి ఈ నాలుగూ సరిహద్దు దగ్గర ఆగకూడదన్నది దాని మూలసూత్రం. సోషలిస్టుల తగువంతా ఈ నాలుగింటినీ ఒకే గాటన కట్టడం దగ్గరే.

సోషలిస్టులు సరిహద్దులు వద్దనేవాళ్లు కదా, మరి బయటికి వచ్చేయమని ఎలా అంటారు?

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. దీని వయసు వందేళ్లు దాటింది. 1915లో, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగానే, "ఐరోపా సంయుక్త రాష్ట్రాలు" అన్న నినాదం మీద లెనిన్ ఒక వ్యాసం రాశాడు. పెట్టుబడిదారుల పాలనలో అలాంటి సమాఖ్య కుదరదు, కుదిరినా అది ప్రజలకు వ్యతిరేకంగానే ఉంటుందన్నది ఆయన వాదన. పాతికేళ్లు గడిచాక ముసోలినీ ప్రభుత్వం వెంటొటెనె అనే దీవిలో బంధించిన అల్టియెరో స్పినెల్లి దీనికి పూర్తిగా ఎదురు మాట చెప్పాడు. ఆయనా ఒకప్పటి కమ్యూనిస్టే. దేశాలు దేశాలుగా విడివిడిగా ఉన్నంతకాలం యుద్ధాలూ ఫాసిజమూ మళ్లీ మళ్లీ వస్తాయి, ఐరోపా ఒక్కటైతే తప్ప సోషలిజానికి చోటు లేదని 1941లో సహఖైదీ ఎర్నెస్తో రోసితో కలిసి రాశాడు. ఆ కాగితాలు దొంగచాటుగా దీవి దాటాయి. చిత్రమేమిటంటే, 1957లో రోమ్ ఒప్పందాన్ని వ్యతిరేకించిన ఇటలీ కమ్యూనిస్టు పార్టీయే 1979లో స్పినెల్లిని తన జాబితాలో నిలబెట్టి ఐరోపా పార్లమెంటుకు పంపింది.

కాబట్టి "సోషలిస్టుల వైఖరి" అని ఒకటి లేదు. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు మొదటినుంచీ ఉన్నాయి. బయటికి రమ్మనేవాళ్లు తోటి దేశాల కార్మికులను వద్దనడం లేదు. ఆ కార్మికులను ఒకరి మీదికి ఒకరిని ఎగదోసే చట్టాన్ని వద్దంటున్నారు. ఆ చట్టం ఎలా పనిచేస్తుందో చూడాలంటే వాక్స్‌హోమ్ బడి కథ తెలియాలి.

ఏమిటా వాక్స్‌హోమ్ బడి?

స్టాక్‌హోమ్ పక్కన చిన్న ఊరు వాక్స్‌హోమ్. 2004లో అక్కడి బడి మరమ్మతు పని లవాల్ అనే లాట్వియా కంపెనీకి దక్కింది. పనివాళ్లను లాట్వియా నుంచే తెచ్చుకుంది. స్వీడన్‌లో కనీస వేతన చట్టం లేదు. అక్కడ కూలి ఎంతన్నది సంఘానికీ యజమానికీ మధ్య కుదిరే ఒప్పందంలో తేలుతుంది. దాని మీదే ఆ దేశపు సంక్షేమం మొత్తం నిలబడి ఉంది. స్వీడన్ భవన కార్మికుల సంఘం వచ్చి, లాట్వియా వాళ్లకూ మా ఒప్పందం ప్రకారమే ఇవ్వండి అంది. కంపెనీ ఒప్పుకోలేదు. సంఘం ఆ పనిని దిగ్బంధం చేసింది, ఎలక్ట్రీషియన్లు సంఘీభావంగా పని మానేశారు. వాదన చివరికి ఈయూ న్యాయస్థానానికి చేరింది. 2007 డిసెంబర్ 18న తీర్పు వచ్చింది: సమ్మె చేయడం ప్రాథమిక హక్కే గానీ, ఈ దిగ్బంధం కంపెనీకి ఉన్న సేవల స్వేచ్ఛను అడ్డుకుంటోంది కాబట్టి చెల్లదు.

దానికి వారం ముందే హెల్సింకీ, టాలిన్ మధ్య తిరిగే రొసెల్లా అనే ఓడ విషయంలో అదే న్యాయస్థానం ఇదే ధోరణిలో తీర్పిచ్చింది. ఫిన్లండ్ జెండా తీసేసి ఎస్టోనియా జెండా కడితే జీతాలు తగ్గించుకోవచ్చని ఓడ యజమాని ఆలోచన. సంఘం అడ్డుపడితే ఆ అడ్డు సమంజసమో కాదో తూకం వేసే అధికారం కోర్టు తీసుకుంది.

ఈ రెండు తీర్పులూ చదివాక, ఈయూని వ్యతిరేకించే సోషలిస్టులను ఊరికే జాతివాదులని కొట్టిపారేయడం నాకు చేతకాలేదు. ఇప్పటికీ చేతకాదు.

బ్రిటన్‌లో ఇంతకుముందు ఇలాంటి ఓటు జరగలేదా?

జరిగింది. 1975 జూన్ 5న. అప్పుడు అధికారంలో ఉన్నది ఎడమపక్షపు లేబర్ పార్టీ, ప్రధాని హెరాల్డ్ విల్సన్. ఆయన ఉందామన్నాడు. ఆయన మంత్రివర్గంలోనే ఉన్న టోనీ బెన్, మైకేల్ ఫుట్, బార్బరా కాసిల్, పీటర్ షోర్ వెళ్లిపోదామన్నారు. మంత్రులు ఒకరికొకరు ఎదురుగా ప్రచారం చేసుకోవడానికి విల్సన్ అనుమతి ఇచ్చాడు. ఆ ఏప్రిల్‌లో జరిగిన లేబర్ ప్రత్యేక మహాసభలో వెళ్లిపోదామనే వైపు దాదాపు రెండింతల ఓట్లు పడ్డాయి. అంటే పార్టీ ఒకవైపు, పార్టీ ప్రధాని ఇంకోవైపు.

ఇవాళ్టి పాఠకులకు తలకిందులుగా అనిపించేది ఇంకొకటుంది. అప్పుడు ఉందామని ఊరూరా తిరిగింది కుడిపక్షపు కన్సర్వేటివ్‌లు. సభ్యదేశాల జెండాలన్నీ కుట్టిన స్వెటర్ వేసుకుని ఆ పార్టీ నాయకురాలు మార్గరెట్ థాచర్ ఫోటోలకు నిలబడింది. 67 శాతం మంది ఉందామన్నారు. ఎడమపక్షం ఘోరంగా ఓడింది. వలసల మీద విషం కక్కిన ఇనాక్ పవెల్ కూడా బెన్ ఉన్న వైపే ఉన్నాడు. ఆ పేరు పక్కన తమ పేరు కనపడటం సోషలిస్టులకు ఎంత నష్టం చేసిందో లెక్కగట్టలేం.

మరి లేబర్ పార్టీ తర్వాత ఈయూ వైపు ఎప్పుడు తిరిగింది?

1983 ఎన్నికల్లో బయటికి వచ్చేస్తామని రాసుకుని మరీ ఓడారు. 1984-85 బొగ్గుగని కార్మికుల సమ్మెను అప్పటి ప్రధాని థాచర్ అణిచేసింది. సంఘాల నడుం విరిగి ఉన్న ఆ సమయంలో, 1988 సెప్టెంబర్‌లో, ఐరోపా కమిషన్ అధ్యక్షుడు జాక్ డెలోర్ బోర్న్‌మత్‌లో జరిగిన కార్మిక సంఘాల మహాసభకు వచ్చాడు. ఆయన ఫ్రెంచి సోషలిస్టు. మార్కెట్‌తో పాటు కార్మికుల హక్కులు కూడా ఐరోపా స్థాయిలో రావాలన్నాడు. ప్రతినిధులు లేచి నిలబడి ఆయన పేరు కలిసొచ్చే ఫ్రెంచి పిల్లల పాట పాడారు. ఇంట్లో ఓడినవాడికి పొరుగింట్లో దీపం కనపడితే ఎలా ఉంటుందో అలా. వారానికి 48 గంటల పని పరిమితి, జీతంతో కూడిన సెలవులు తర్వాత ఆ దారిలోనే వచ్చాయి.

అయితే ఆ హక్కులు పోరాడి తెచ్చుకున్నవి కావు, పైనుంచి అందినవి. 2016లో ఆ తేడా బయటపడింది. సెలవులు ఎక్కడినుంచి వచ్చాయో నేను పనిచేసిన గోదాంలో అడిగిన ఒక్కరికీ తెలియదు.

లెగ్జిట్ అంటే ఏమిటి?

లెఫ్ట్, ఎగ్జిట్ కలిపి చేసిన మాట. 2016లో ఎడమవైపు నుంచి వెళ్లిపోదామన్నవాళ్లు: రైల్వే, ఓడ కార్మికుల సంఘం ఆర్ఎంటీ, రైలు డ్రైవర్ల సంఘం అస్లెఫ్, బేకరీ కార్మికుల సంఘం, బ్రిటన్ కమ్యూనిస్టు పార్టీ, సోషలిస్ట్ వర్కర్స్ పార్టీ ఇంకా కొన్ని. పంజాబీ కార్మికులు దశాబ్దాల పాటు నడిపిన ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ కూడా అదే వైపు. రైళ్లు మళ్లీ ప్రజల సొత్తు కావాలంటే, పరిశ్రమలకు ప్రభుత్వం డబ్బు పెట్టాలంటే ఈయూ పోటీ నిబంధనలు అడ్డొస్తాయన్నది వీళ్ల ప్రధాన వాదం. వాదంలో పస ఉంది. టీవీల్లో మాత్రం వీళ్లు కనపడలేదు. దేశం మొత్తానికి వినపడిన "వెళ్లిపోదాం" గొంతు కుడిపక్ష నాయకులు నైజెల్ ఫరాజ్‌ది, బోరిస్ జాన్సన్‌ది.

ఉందామన్న సోషలిస్టుల వాదం?

అప్పటి లేబర్ నాయకుడు జెరెమీ కోర్బిన్ 1975లో వద్దని ఓటేసినవాడు, మాస్ట్రిక్ట్‌ని వ్యతిరేకించినవాడు. 2016లో ఉండి మార్చుకుందామన్నాడు. ఈయూ మీద మీ ఉత్సాహం పదికి ఎంత అని టీవీలో అడిగితే ఏడు, ఏడున్నర అన్నాడు. దానికి ఆయన్ను తిట్టనివాళ్లు లేరు. నాకైతే నిజం చెప్పిన నాయకుడిలా కనిపించాడు. పదికి పది ఇవ్వగలిగిన సోషలిస్టు ఎవరైనా ఉంటే ఆ వాక్స్‌హోమ్ తీర్పు చదవలేదని అర్థం.

ఆ వాదంలో అసలు బరువు వేరే చోట ఉంది. ఈ ఓటు పెట్టించింది కన్సర్వేటివ్ పార్టీలోని కుడి వర్గం. గెలిస్తే రేపు ప్రభుత్వం నడిపేదీ వాళ్లే. చట్టాలు తిరగరాసే కలం వాళ్ల చేతిలోకి పోతుంది. ఈలోగా వీధిలో విదేశీయుల మీద విషం పెరుగుతోంది. ఓటుకు వారం ముందు, జూన్ 16న, లేబర్ ఎంపీ జో కాక్స్‌ని ఒక తీవ్ర జాతివాది నడివీధిలో చంపేశాడు. ఆ రోజు మధ్యాహ్నం తర్వాత నాకు తెలిసిన ఎడమపక్షం వాళ్లలో కొందరు మారిపోయారు. పోటీ నిబంధనల గురించి మాట్లాడే ఓపిక ఎవరికీ లేకపోయింది.

రెండూ వద్దన్నవాళ్లు లేరా?

ఉన్నారు. 1904 నుంచి ఉన్న సోషలిస్ట్ పార్టీ ఆఫ్ గ్రేట్ బ్రిటన్ ఇది పెట్టుబడిదారుల ఇంటి తగాదా, మనకు సంబంధం లేదంది. ఆ మాట సూత్రంగా తప్పు కాదు. కానీ నా పక్కన పనిచేసే మనిషి ఆ దేశంలో ఉండగలదా లేదా అన్నది ఆ తగాదాలో తేలుతుంటే సంబంధం లేదని ఎలా అనగలను?

భారతీయులకు ఆ ఓటు ఉందా? మన తెలుగువాళ్లు వేశారా?

ఉంది, వేశారు. ఈ సంగతి చెబితే ఇక్కడ ఎవరూ నమ్మరు. కామన్వెల్త్ దేశాల పౌరులు చట్టబద్ధమైన వీసా మీద బ్రిటన్‌లో నివాసం ఉంటే, పేరు నమోదు చేయించుకుంటే చాలు. నేను అప్పటికి స్టూడెంట్ వీసా మీద ఉన్నాను. ఈస్ట్ హామ్‌లో ఆరుగురం ఉండే ఇంటికి తెల్లటి పోల్ కార్డు నా పేరు మీద వచ్చింది.

వారానికి ఇరవై గంటలు నేను కూరగాయలు, పళ్లు ప్యాకింగ్ చేసే గోదాంలో రాత్రి షిఫ్టు చేసేవాణ్ని. నా పక్క బెల్టు మీద ఒక రొమేనియా ఆవిడ. అప్పటికే ఆరేళ్లుగా అక్కడ పనిచేస్తోంది, పన్ను కడుతోంది, కూతురు అక్కడి బడిలో చదువుతోంది. ఆవిడకి ఓటు లేదు. ఐర్లండ్, మాల్టా, సైప్రస్ వాళ్లను మినహాయిస్తే ఈయూ పౌరులెవరికీ లేదు. నిన్నగాక మొన్న వచ్చిన నాకుంది. నా జేబులోంచి పోల్ కార్డు తీసి చూపిస్తే చేతి గ్లవ్స్ తీసేసి మరీ పట్టుకుని చదివింది, తిరగేసి వెనకాల కూడా చదివింది, ఏమీ అనకుండా తిరిగి ఇచ్చింది.

ఆ రోజు లండన్‌లో కుండపోత వాన. పోలింగ్ కేంద్రంలో చెక్క అర, దానికి దారంతో కట్టిన పెన్సిల్. పెన్సిల్‌తో వేస్తే చెరిపేస్తారని పుకారు లేచి కొందరు ఇంటినుంచి పెన్నులు తెచ్చుకున్నారు. కాగితం మీద రెండే గళ్లు. సభ్యదేశంగా ఉండటం ఒకటి, వదిలిపెట్టడం ఒకటి. సంఘం గురించి, రైళ్ల గురించి, కూలి గురించి మేము నెలల తరబడి మాట్లాడుకున్న ఏ మాటకూ అందులో గడి లేదు.

మన దేశం వాళ్లు కొందరు వెళ్లిపోదామన్నారట, ఎందుకు?

కరీ హోటళ్ల యజమానులు కొందరు అలా అన్నారు. ఐరోపావాళ్ల రాక ఆగితే మన వంటవాళ్లకు వీసాలు దొరుకుతాయని మంత్రి ప్రీతి పటేల్ వాళ్లకు ఆశ చూపింది. ఒక వలస కార్మికుణ్ని ఆపితే ఇంకో వలస కార్మికుడికి చోటు వస్తుందన్న ఆ లెక్క నాకు మింగుడు పడలేదు. యజమానికి అది లాభం కావచ్చు. వంటవాడికి ఎలా అవుతుంది?

కార్మికవర్గం మొత్తం వెళ్లిపోదామనే ఓటేసిందంటారు, నిజమేనా?

సగమే నిజం. మొత్తం మీద 51.9 శాతం వెళ్లిపోదామన్నారు, 72 శాతం మంది ఓటేశారు. ఒకప్పుడు ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీతో బతికిన డాగెన్‌హామ్ వైపు 62 శాతం వెళ్లిపోదామన్నారు. ఉక్కు ఊరు పోర్ట్ టాల్బట్ ఉన్న ప్రాంతం, ఓడలు కట్టిన సండర్లండ్ కూడా అదే. కానీ రేవు కార్మికుల లివర్‌పూల్, గ్లాస్గో ఉందామన్నాయి. లేబర్ ఓటర్లలో దాదాపు మూడింట రెండొంతుల మంది ఉందామన్నవాళ్లే. కార్మికుడంటే మూతపడ్డ గని ముందు నిలబడ్డ ముసలాయన ఒక్కడే అని పత్రికలు ఫోటో వేశాయి. ఆసుపత్రిలో నర్సు, ఆఫీసు ఊడ్చే ఆఫ్రికా ఆవిడ, సైకిల్ మీద తిండి మోసే కుర్రాడు ఆ ఫోటోలో లేరు. వాళ్లలో చాలామందికి ఓటే లేదు.

ఈయూలో ఉంటే ప్రభుత్వరంగాన్ని కాపాడుకోలేమా?

కష్టం, కానీ నేరమంతా ఈయూ కేంద్రమైన బ్రస్సెల్స్‌ది కాదు. పోర్ట్ టాల్బట్ సంగతే చూడండి. 2016 మార్చి చివర్లో టాటా స్టీల్ బ్రిటన్‌లోని ఉక్కు వ్యాపారాన్ని అమ్మేస్తానంది. ముంబైలో బోర్డు సమావేశమై తేల్చింది. సంఘం నాయకులు ముంబై దాకా వచ్చి బతిమాలారు. ఈయూ నిబంధనల వల్ల ప్రభుత్వం చేయి వేయలేకపోతోందని అందరూ అన్నారు. కానీ చైనా నుంచి కారుచవగ్గా వస్తున్న ఉక్కు మీద సుంకం పెంచుదామని ఈయూలో ప్రతిపాదన వస్తే అడ్డం పడిన దేశాల్లో బ్రిటన్ ముందుంది. తమ చేతులతో తాము చేసిన పనికి బ్రస్సెల్స్ పేరు అడ్డం పెట్టుకున్నారు.

తర్వాత దేశం బయటికొచ్చింది. అడ్డం పడ్డ నిబంధనలు పోయాయి. 2024 సెప్టెంబర్ 30న పోర్ట్ టాల్బట్‌లో చివరి బ్లాస్ట్ ఫర్నేస్ ఆరిపోయింది. విశాఖ ఉక్కు అమ్మకం మీద ఏళ్ల తరబడి దీక్షా శిబిరంలో కూర్చున్నవాళ్లకు ఇది వివరించాల్సిన పనిలేదు. అమ్మెయ్యాలనుకున్న ప్రభుత్వానికి ఏ అంతర్జాతీయ సమాఖ్యా అవసరం లేదు.

గ్రీస్‌లో వద్దని ఓటేసినా ఎందుకు లొంగిపోయారు?

ముందు ఒక సవరణ. అది సభ్యత్వం మీద ఓటు కాదు, అప్పుల షరతుల మీద. 2015 జనవరిలో సిరిజా అనే ఎడమపక్ష కూటమి గెలిచింది, అలెక్సిస్ సిప్రాస్ ప్రధాని అయ్యాడు. అప్పటికే దేశంలో నలుగురిలో ఒకరికి పని లేదు, పింఛన్లు కోసేశారు. అప్పిచ్చినవాళ్లు ఇంకా కొయ్యమన్నారు. సిప్రాస్ ప్రజలనే అడుగుదామన్నాడు. ఓటు ప్రకటించగానే బ్యాంకులు మూతపడ్డాయి. ఏటీఎంలో రోజుకు 60 యూరోలు మించి రావు. నోట్లరద్దు రోజుల్లో మన ఏటీఎంల ముందు నిలబడిన ఎవరికైనా ఆ వరుసలు ఎలా ఉంటాయో తెలుసు. అంత భయంలోనూ జులై 5న 61 శాతం మంది "ఓహి" అన్నారు, అంటే వద్దు అని.

వారం తిరిగేసరికి, 13న, అంతకంటే కఠినమైన షరతులకు సిప్రాస్ తలొగ్గాడు. ద్రోహమని కొందరంటారు, గత్యంతరం లేదని కొందరు. నాకు అర్థమైంది ఇంత: యూరో నోట్లు ముద్రించే అధికారం ఐరోపా కేంద్ర బ్యాంకు ఉన్న ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంది. ప్రజలు వద్దన్న మర్నాడు బ్యాంకులు ఏ కరెన్సీతో తెరవాలో ఏథెన్స్‌లో ఎవరూ సిద్ధం చేసుకోలేదు. ప్రజలు తమ వంతు చేశారు. నాయకత్వం దగ్గర జులై 6కి పథకం లేదు. గ్రీస్ కమ్యూనిస్టు పార్టీ ఈ ముక్క ముందే చెప్పి, రెంటికీ వద్దంటూ సొంత కాగితం వేయమంది. అవి చెల్లని ఓట్లయ్యాయి. వాళ్ల అంచనా నిజమైంది, కానీ ఆ 61 శాతం మంది పక్కన వాళ్లు లేకుండా పోయారు.

ఎడమపక్షం ముందుండి గెలిచిన ఓటు ఒక్కటీ లేదా?

ఉన్నాయి. వీటి గురించి మన దగ్గర ఎవరూ రాయరు, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

నార్వే. 1972లో లేబర్ ప్రధాని త్రిగ్వె బ్రాత్తెలి చేరదామన్నాడు. పార్టీలోనే ఒక వర్గం తిరగబడి, రైతులు, చేపలు పట్టేవాళ్లు, విద్యార్థులు, సోషలిస్టులతో కలిసింది. 53.5 శాతం వద్దన్నారు. బ్రాత్తెలి రాజీనామా చేశాడు. మరుసటి ఏడాది ఎన్నికల్లో లేబర్‌కి ఎడమన ఉన్న కూటమికి 11 శాతం ఓట్లు, 16 సీట్లు వచ్చాయి. ఓటులో పెరిగిన బలం ఓటుతోనే ఇంకిపోలేదు. 1994లో మళ్లీ అడిగారు. అప్పటి ప్రధాని గ్రో హార్లెమ్ బ్రుంట్‌లాండ్ కూడా లేబరే, ఆమె కూడా చేరదామన్నది. దేశంలోని అతిపెద్ద కార్మిక సమాఖ్య తన మహాసభలో కొద్ది ఓట్ల తేడాతో వద్దంది. నవంబర్ 28న 52.2 శాతం మళ్లీ వద్దన్నారు.

ఆ ఉద్యమానికి నాయకుడు ఎవరో తెలిస్తే మన సాఫ్ట్‌వేర్ మిత్రులు ఆశ్చర్యపోతారు. క్రిస్టెన్ నైగార్డ్. సిమ్యులా అనే కంప్యూటర్ భాషను రూపొందించిన ఇద్దరిలో ఒకరు. మీరు రోజూ టైపు చేసే క్లాస్, ఆబ్జెక్ట్ అన్న ఊహలకు పురుడు పోసినవాడు, తర్వాత కంప్యూటర్ రంగంలో అన్నిటికంటే పెద్దదైన ట్యూరింగ్ అవార్డు అందుకున్నాడు. 1970ల్లోనే ఇనుము, లోహ కార్మికుల సంఘంతో కూర్చుని, ఫ్యాక్టరీలోకి కంప్యూటర్ వస్తే దాని మీద కార్మికుల మాట ఎలా చెల్లించుకోవాలో నేర్పినవాడు. అలాంటివాడు "వద్దు" అంటుంటే ఎవరూ దాన్ని పాతకాలపు భయమని తోసెయ్యలేకపోయారు. నార్వేకి ఒక లోపం మిగిలిపోయింది. మార్కెట్ ఒప్పందంలో ఉంది కాబట్టి ఈయూ నిబంధనలు చాలావరకు పాటిస్తుంది, వాటిని రాసే గదిలో మాత్రం కుర్చీ లేదు.

గ్రీన్‌లాండ్. 1972లో డెన్మార్క్ ఓటేసినప్పుడు దాని పాలనలో ఉన్న గ్రీన్‌లాండ్‌లో 70 శాతం మంది వద్దన్నా, డెన్మార్క్‌తో పాటు ఈడ్చుకుపోయారు. సముద్రంలో చేపలెన్ని పట్టాలో దూరాన ఎవరో నిర్ణయించడం మొదలైంది. 1979లో స్వపరిపాలన వచ్చింది. సియుముత్ అనే సోషలిస్టు ధోరణి పార్టీ, యోనాథన్ మోట్స్‌ఫెల్ట్ నాయకత్వంలో, 1982లో ఓటు పెట్టి 53 శాతంతో గెలిచింది. మూడేళ్లు బేరమాడి 1985 ఫిబ్రవరి 1న బయటికొచ్చారు. 50 వేల చిల్లర జనాభా. వెళ్లిపోదామన్నది ఎవరో, వెళ్లిన తర్వాత పాలించింది ఎవరో రెండూ ఒకటే అక్కడ. బ్రిటన్‌లో లేనిది అదే.

వద్దన్న జనాన్ని మళ్లీ మళ్లీ అడుగుతారట?

అడిగారు. డెన్మార్క్ 1992లో మాస్ట్రిక్ట్‌ని స్వల్ప తేడాతో వద్దంది, మరుసటి ఏడాది మినహాయింపులు ఇచ్చి మళ్లీ అడిగితే సరేనంది. ఐర్లండ్‌ని లిస్బన్ అనే ఒప్పందం మీద 2008లో ఒకసారి, 2009లో ఒకసారి అడిగారు. 2005లో ఐరోపా రాజ్యాంగాన్ని ఫ్రాన్స్ దాదాపు 55 శాతంతో, మూడు రోజుల తేడాలో నెదర్లాండ్స్ 61 శాతంతో తిప్పికొట్టాయి. ఫ్రెంచి సోషలిస్టు పార్టీ సభ్యులు అంతర్గత ఓటులో సరేనన్నా, లోరాన్ ఫాబియూస్ లాంటి అగ్రనేత దాన్ని కాదని వద్దనే ప్రచారం చేశాడు. ఆ రాజ్యాంగంలోని సరుకంతా రెండేళ్లలో లిస్బన్ ఒప్పందం పేరుతో తిరిగొచ్చింది. ఈసారి ఫ్రాన్స్‌లో ఎవరినీ అడగలేదు. ఈయూ మీద నాకున్న కోపంలో సగం ఈ ఒక్క విషయం మీదే.

2019లో కోర్బిన్ ఓడిపోయింది దీనివల్లేనా?

చాలావరకు. 2017 ఎన్నికల్లో లేబర్ వాళ్లు ఓటు ఫలితాన్ని గౌరవిస్తామన్నారు, 40 శాతం ఓట్లొచ్చాయి. 2019కి వచ్చేసరికి కొత్త ఒప్పందం తెచ్చి మళ్లీ ప్రజల ముందు పెడతామన్నారు. డాగెన్‌హామ్ మనిషికి అది మాట తప్పడంలా, లండన్ విద్యార్థికి నసుగుడులా వినపడింది. 202 సీట్లే దక్కాయి, 1935 తర్వాత అంత తక్కువ ఎప్పుడూ లేదు. వేరే కారణాలూ ఉన్నాయి, కానీ రెండు పడవల మీద కాళ్లన్నది మాత్రం నిజం.

బయటికొచ్చాక కార్మికులకు మేలు జరిగిందా?

పాత హక్కులు చాలావరకు చట్టంలోనే ఉన్నాయి. కానీ 2022 మార్చి 17న పీ అండ్ ఓ ఫెర్రీస్ అనే ఓడల కంపెనీ దాదాపు 800 మంది ఓడ కార్మికులను ముందుగా రికార్డు చేసిన వీడియో చూపించి తీసేసింది, ఏజెన్సీ మనుషులను ఎక్కించింది. వాళ్ల సంఘాల్లో ఒకటి వెళ్లిపోదామన్న ఆర్ఎంటీ. రొసెల్లా ఓడ యజమాని కలగన్నదే ఇక్కడ జరిగింది, ఈయూ లేకుండానే.

మనవాళ్లకు తగిలిన మార్పు వీసాలది. ఐరోపా కార్మికుడు ఒక యజమాని నచ్చకపోతే మర్నాడు ఇంకో చోట చేరేవాడు, వీసా అక్కర్లేదు. వాళ్ల చోట్లలోకి మన నర్సులు వెళ్తున్నారు, 2025 దాకా ముసలివాళ్లను చూసుకునే కేర్ వర్కర్లు కూడా వెళ్లారు. వీళ్ల వీసా యజమానికి కట్టి ఉంటుంది. ఆ యజమాని లైసెన్సు పోతే సాధారణంగా 60 రోజుల్లో ఇంకొకరిని వెతుక్కోవాలి. ఏజెంటుకి లక్షలు పోసి, పొలం తాకట్టు పెట్టి వెళ్లిన అమ్మాయి ఓవర్‌టైమ్ డబ్బులు అడుగుతుందా? సమ్మెకి దిగుతుందా? "వలసలు తగ్గితే కూలి పెరుగుతుంది" అన్న ప్రతి ఒక్కరూ ఈ అమ్మాయి గురించి ఆలోచించాలి.

నువ్వు ఎటు వేశావు?

ఉందామనే వేశాను. వాక్స్‌హోమ్ గురించి తెలిసే వేశాను. నార్వేలో ఉండి ఉంటే వద్దనేవాణ్ని. ఓటు మర్నాడు పొద్దున అధికారం ఎవరి చేతికి పోతుంది, నా పక్కన నిలబడి పనిచేసేవాళ్ల చేతిలో ఏం మిగులుతుంది అన్నదే నాకు కొలత.

ఆ మర్నాడు పొద్దున నేను షిఫ్టులోనే ఉన్నాను. ఐదు కాకముందే ఎవరో ఫోన్లో ఫలితం చదివారు. బెల్టు ఆగలేదు. రొమేనియా ఆవిడ టమాటాల పెట్టెలు సర్దుతూనే నన్ను అడిగింది, నేను ఇక్కడ ఉండొచ్చా అని. నాకు తెలియదన్నాను. మా సంఘం ప్రతినిధి డాగెన్‌హామ్ ఆయన, అరవై దగ్గర పడ్డవాడు, వెళ్లిపోదామని వేసినట్టు అందరికీ చెప్పుకున్నవాడు. ఆ మాట ఆయన చెవిన పడింది. శాశ్వత నివాసానికి అప్పట్లో 85 పేజీల దరఖాస్తు ఉండేది, ఐదేళ్ల రుజువులు చూపించాలి. ఆయన దాన్ని ఎక్కడో ప్రింటు తీయించి తెచ్చాడు. ఆ జులై అంతా భోజన విరామంలో క్యాంటీన్ బల్ల మీద ఆవిడ పాత పే స్లిప్పులు నెలల వారీగా పేర్చేది, ఆయన కళ్లజోడు పెట్టుకుని ఒక్కో గడీ నింపేవాడు, నేను స్పెల్లింగులు చూసేవాణ్ని. రెండో వారంలో నేనూ సంఘంలో చేరాను. ఆ కాగితం కూడా ఆయనే నింపాడు.